టీ-స్టేట్లు లెక్కపెట్టారా? ఎనిమిది బిట్ల అసెంబ్లీపై మీ ప్రశ్నలు

పాత హోమ్ కంప్యూటర్ల గురించి పోయిన సంచికలో ఒక పేజీ రాస్తే, ఇన్ని ఉత్తరాలు వస్తాయని నిజంగా అనుకోలేదు. సగం మంది స్పెక్ట్రమ్ గురించి అడిగారు, కొందరు కమొడోర్ 64 గురించి, ఇద్దరు ముగ్గురు కాలేజీ ల్యాబ్‌లో చూసిన 8085 కిట్ గురించి. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు లేదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. అసెంబ్లీ అంటే ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా మనమే రాయడం కాబట్టి అంకెలన్నీ కావాలనే ఇచ్చాను. ఈ పనిలో "ఇది ఫాస్ట్ అట" అనే మాటకు విలువ లేదు, కాగితం మీద కూడితే ఎంత వచ్చిందన్నదే లెక్క.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్) పెట్టుకుని జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి చిన్న గేమ్ రాస్తున్నాను. ప్రతి ఫ్రేమ్‌లో స్క్రీన్ మొత్తం చెరిపేసి బొమ్మలు మళ్లీ గీస్తాను. చెరపడానికి ఎల్‌డీఐఆర్ (బైట్లను వరుసగా కాపీ చేసే ఆదేశం) వాడాను, దాని ప్రాసెసర్ జెడ్80లో అదే అన్నిటికంటే ఫాస్ట్ అని చదివాను. అయినా బొమ్మలు వణుకుతున్నాయి, గేమ్ నత్తలా నడుస్తోంది. ఆ ప్రాసెసర్ శక్తే అంతా, లేక నా కోడ్‌లో తప్పుందా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పు కోడ్‌లో లేదు, లెక్కలో ఉంది. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌లో జెడ్80ఏ చిప్ 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. టీవీ బొమ్మ సెకనుకు 50 సార్లు మారుతుంది కాబట్టి ఒక్కో ఫ్రేమ్‌కి మీ చేతిలో ఉండేది 69,888 టీ-స్టేట్లు, అంటే ప్రాసెసర్ గడియారం టిక్కులు (ఇది 48కె మోడల్ లెక్క). గేమ్ మొత్తం, అంటే కీబోర్డ్ చదవడం, శత్రువులను కదపడం, బొమ్మలు గీయడం, శబ్దం, అన్నీ ఈ జీతంలోనే సర్దుకోవాలి.

ఇప్పుడు మీ ఖర్చు చూద్దాం. రంగులు వదిలేస్తే బొమ్మ మెమరీ 16384 నుంచి 22527 దాకా, 6144 బైట్లు. ఎల్‌డీఐఆర్‌కి ఒక్కో బైట్‌కి 21 టీ-స్టేట్లు పడుతుంది, చివరి బైట్‌కి మాత్రం 16. మొదటి బైట్‌లో సున్నా పెట్టి మిగతా 6143 కాపీ చేస్తే 1,28,998. జీతం డెబ్బై వేలు, ఒక్క ఇంటి అద్దే లక్షా ఇరవై తొమ్మిది వేలు! స్క్రీన్ చెరిపేసరికే దాదాపు రెండు ఫ్రేములు అయిపోయాయి, ఇక బొమ్మ వణక్క ఏం చేస్తుంది.

ఎల్‌డీఐఆర్ ఫాస్ట్ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. చేత్తో రాసిన మామూలు లూప్, అంటే హెచ్‌ఎల్ చూపే చోట (హెచ్‌ఎల్, బీసీ అనేవి ప్రాసెసర్ లోపలి చిన్న గదులు, రిజిస్టర్లు) సున్నా పెట్టు, హెచ్‌ఎల్ పెంచు, బీసీ తగ్గించు, బీసీ సున్నా అయిందా చూడు, కాకపోతే వెనక్కి వెళ్లు అనే లూప్‌కి బైట్‌కి 42 అవుతుంది. దానితో పోలిస్తే ఎల్‌డీఐఆర్ సగం. కానీ ఎల్‌డీఐఆర్ ప్రతి బైట్ తర్వాతా తన కోసం తాను వెనక్కి వెళ్తుంది, ఆ వెనక్కి వెళ్లడానికే 5 టీ-స్టేట్లు పోతాయి. ఒక్క బైటే కాపీ చేసే ఎల్‌డీఐని వరుసగా పేర్చి రాస్తే బైట్‌కి 16 చాలు. అయినా మొత్తం 98,288, ఇంకా ఫ్రేమ్ దాటే ఉంది.

దారి వేరే ఉంది, స్టాక్, అంటే ప్రాసెసర్ తాత్కాలికంగా విలువలు దాచుకునే మెమరీ చోటు. అది ఎక్కడుందో స్టాక్ పాయింటర్ (ఎస్‌పీ) చెబుతుంది. పుష్ ఒక్కసారి 11 టీ-స్టేట్లలో రెండు బైట్లు రాసేస్తుంది, అంటే బైట్‌కి ఐదున్నర! స్టాక్ పాయింటర్‌ని స్క్రీన్ చివరికి, అంటే 22528కి తీసుకెళ్లండి. పుష్ ముందు తగ్గించి తర్వాత రాస్తుంది కాబట్టి 22527 కాదు, 22528యే సరి. హెచ్‌ఎల్‌లో సున్నా, బీలో 192 పెట్టి, పదహారు పుష్ హెచ్‌ఎల్‌లు వరుసగా రాసి, కింద ఒక డీజేఎన్‌జెడ్ (బీని ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే వెనక్కి దూకే ఆదేశం). ఒక చుట్టుకి 32 బైట్లు, 192 చుట్లకి 6144, సరిగ్గా సరిపోయింది. ఒక చుట్టు ఖర్చు పదహారు పదకొండ్లు 176, డీజేఎన్‌జెడ్‌కి 13, కలిపి 189. మొత్తం 36,283. ఎల్‌డీఐఆర్‌తో పోలిస్తే మూడో వంతు కూడా లేదు.

పని అయ్యాక స్టాక్ పాయింటర్‌ని యథాస్థానానికి తేవాలి కదా. దానికి అందరూ వాడే చిట్కా, రొటీన్ చివర 'ఎల్‌డీ ఎస్‌పీ, 0' అని రాసి, రొటీన్ మొదట్లో అసలు ఎస్‌పీ విలువను ఆ సున్నా ఉన్న రెండు బైట్లలోనే దాచేయడం. కోడ్ తన్ను తాను దిద్దుకుంటుందన్నమాట. పాఠ్యపుస్తకాలు దీన్ని తప్పంటాయి, ఈ మెషీన్ మీద ఇది రోజూ అన్నం వండుకున్నంత మామూలు.

ఇంతా రాశాక అసలు అడగాల్సింది అడుగుతాను. స్క్రీన్ మొత్తం ఎందుకు చెరుపుతున్నారు? మీ బొమ్మ 16 గీతల ఎత్తు, పక్కకు జరిగినప్పుడు మూడు బైట్ల వెడల్పు అనుకుందాం. అంటే 48 బైట్లు. ఎనిమిది బొమ్మలున్నా 384. పాత చోటు మాత్రం చెరిపి కొత్త చోట గీస్తే మీరు పాపం ఆ ఎల్‌డీఐఆర్‌నే వాడుకున్నా నడిచిపోతుంది. పుష్ చిట్కాని స్క్రీన్లు మారేటప్పుడు, లేదా బొమ్మ మొత్తం కదిలే గేమ్ రాసేటప్పుడు వాడండి.

వణుకు గురించి ఇంకో మాట. హాల్ట్ పెడితే ప్రాసెసర్ ఇంటరప్ట్ కోసం, అంటే ఫ్రేమ్‌కోసారి వచ్చే పిలుపు కోసం ఆగుతుంది. ఇంటరప్ట్ వచ్చిన క్షణం నుంచి టీవీ కిరణం మీ బొమ్మ మొదటి గీతను చేరేదాకా 64 గీతల సమయం, గీతకి 224 చొప్పున 14,336 టీ-స్టేట్లు ఉంటుంది. పైభాగంలో ఉన్న బొమ్మలన్నీ ఆలోపే చెరిపి గీసేస్తే వణుకు కనిపించదు. పై బొమ్మలు ముందు, కింది బొమ్మలు తర్వాత, ఆ వరుస తప్పకండి.

మీ రొటీన్‌కి ఎంత పడుతోందో తెలుసుకోవడానికి స్టాప్‌వాచ్ అక్కర్లేదు. రొటీన్ మొదలయ్యే ముందు పోర్ట్ 254కి ఔట్ చేసి బోర్డర్‌ని ఎర్రగా మార్చండి, అయిపోగానే మళ్లీ నల్లగా. అంచున ఎర్ర పట్టీ ఎంత పొడవుంటే అంత ఖర్చు. నేను ఏ రొటీన్ రాసినా మొదట ఈ పట్టీ పెట్టి చూశాకే దాన్ని ముట్టుకుంటాను, ఎందుకంటే నేను 'ఇదే స్లో' అని అనుకున్నది చాలాసార్లు స్లో కాదు.

ప్రశ్న: పుష్‌తో స్క్రీన్ చెరిపే చిట్కా నేను ముందే వాడుతున్నాను. అద్భుతంగా పనిచేస్తోంది. కానీ ఎప్పుడో ఒకసారి, గంటకో రెండు గంటలకో, గేమ్ ఉన్నట్టుండి రీసెట్ అయిపోతోంది. ఎంత వెతికినా దొరకలేదు. (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: డీఐ (ఇంటరప్ట్‌లను ఆపే ఆదేశం) పెట్టలేదు కదూ? ఈ దెబ్బ నేనూ తిన్నాను, మూడు రాత్రులు పోయాయి, ఇంట్లో వాళ్లు నాకేదో జబ్బనుకున్నారు.

జరుగుతున్నదేమిటంటే, ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ తిరిగి రావాల్సిన అడ్రస్‌ని స్టాక్ మీద పెడుతుంది. ఇప్పుడు మీ స్టాక్ స్క్రీనే. అయితే పెట్టిన అడ్రస్ మీరింకా చెరపని చోట పడుతుంది, తిరిగొచ్చాక మీ తర్వాతి పుష్‌లు దాని మీద సున్నాలు రాసేస్తాయి. అందుకే వందకు తొంభై తొమ్మిది సార్లు ఏమీ తెలియదు, "డీఐ లేకపోయినా పనిచేస్తోందే" అనిపిస్తుంది. కానీ ఇంటరప్ట్ సరిగ్గా చివరి పుష్‌ల దగ్గర వచ్చిందనుకోండి. స్టాక్ పాయింటర్ 16384 దగ్గర ఉంటుంది, దాని కింద ఉన్నది రామ్ కాదు, రోమ్. రోమ్ మీద రాయలేం. అడ్రస్ గాలిలో కలిసిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు రోమ్‌లో ఆ చోట ఏ రెండు బైట్లుంటే వాటినే అడ్రస్ అనుకుని అక్కడికి దూకుతుంది. అదీ మీ రీసెట్.

దీనికి తమ్ముడి లాంటి తప్పు ఒకటుంది, స్టాక్ పాయింటర్‌ని టేబుల్ మీద పెట్టి పాప్‌తో (పుష్‌కి ఎదురు, స్టాక్ నుంచి రెండు బైట్లు తీసేది) డేటా చదివేటప్పుడు. అక్కడ ఇంటరప్ట్ వస్తే మీరు అప్పుడే చదివేసిన డేటా మీద అడ్రస్ పడుతుంది. ఆ చుట్టులో అంతా బాగుంటుంది, తర్వాతి చుట్టులో ఆ టేబుల్ మళ్లీ చదివినప్పుడు బొమ్మలో చెత్త. తప్పు జరిగిన చోట కాక, తర్వాతెప్పుడో బయటపడుతుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

మందు ఒక్కటే: ఎస్‌పీని ముట్టుకునే ముందు డీఐ, తిరిగి పెట్టాక ఈఐ (ఇంటరప్ట్‌లను మళ్లీ రానిచ్చే ఆదేశం). హాల్ట్ అయిన వెంటనే ఈ రొటీన్ నడిపి, అది ఫ్రేమ్‌లోపు అయిపోయేలా చూసుకుంటే ఇంటరప్ట్ ఏదీ పోదు కూడా. డీఐలో ఉండగా ఇంటరప్ట్ వస్తే అది ఎదురుచూడదు, స్పెక్ట్రమ్‌లో ఆ సంకేతం 32 టీ-స్టేట్లు మాత్రమే ఉంటుంది, తప్పితే తప్పిందే.

ప్రశ్న: ఎల్‌డీ ఏ, 0 బదులు ఎక్సార్ ఏ రాయమని అందరూ అంటారు. ఎప్పుడూ అలాగే రాయొచ్చా? (విజయవాడ)

జవాబు: దాదాపు ఎప్పుడూ. రెండూ ఏ రిజిస్టర్‌ని సున్నా చేసేవే. మొదటిది 2 బైట్లు, 7 టీ-స్టేట్లు. రెండోది 1 బైట్, 4. కానీ ఎక్సార్ ఫ్లాగ్‌లను (చివరి లెక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకునే బిట్లను) మార్చేస్తుంది, ఎల్‌డీ మార్చదు. పైన ఒక పోలిక చేసి, మధ్యలో ఏని సున్నా చేసి, కింద ఆ పోలిక ఫలితాన్ని బట్టి జంప్ చేసే చోట ఎక్సార్ పెట్టారో, ఆ జంప్ ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. ఫైల్ మొత్తం ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేవాళ్లు జాగ్రత్త.

ఇలాంటి చిల్లర చిట్కాలు ఇంకో రెండు చెప్పి వదిలేస్తాను. దూకే ఆదేశాల్లో జేఆర్ 2 బైట్లు, దూకితే 12 టీ-స్టేట్లు, దూకకపోతే 7. జేపీ 3 బైట్లు, ఎప్పుడైనా 10. కాబట్టి లూప్‌లో మళ్లీ మళ్లీ వెనక్కి దూకే చోట జేపీ, ఎప్పుడో గానీ దూకని చోట జేఆర్. ఇక ఒక రొటీన్ చివర కాల్ (ఇంకో రొటీన్‌ని పిలవడం), దాని కిందే రెట్ (పిలిచిన చోటికి తిరిగి వెళ్లడం) ఉంటే రెండూ తీసేసి ఒక్క జేపీ రాయండి, 17 టీ-స్టేట్లు, ఒక బైట్ మిగులుతాయి, చదివేవాళ్లకి కూడా ఏమీ కష్టం కాదు.

ప్రశ్న: బీటెక్‌లో 8085 కిట్ మీద ప్రోగ్రాములు చేశాం. హెక్స్ కీప్యాడ్‌లో ఓప్‌కోడ్‌లు (ఆదేశాల అంకె కోడ్‌లు) నొక్కి, రెండు సంఖ్యలు కూడి, రికార్డులో రాసి మార్కులు వేయించుకున్నాం, అంతే. ఆ చదువు స్పెక్ట్రమ్‌కి ఏమైనా పనికొస్తుందా? (వరంగల్)

జవాబు: మీరనుకున్న దానికంటే చాలా ఎక్కువ పనికొస్తుంది. 8085, జెడ్80 రెండూ ఇంటెల్ 8080 సంతానమే. 8080 తయారీలో ముఖ్యుడైన ఫెడెరికో ఫాజిన్ బయటికొచ్చి జైలాగ్ పెట్టి, 1976లో జెడ్80 తెచ్చాడు. కాబట్టి ఓప్‌కోడ్‌లు చాలావరకు అవే, పేర్లే వేరు. మీరు నొక్కిన ఎంవీఐ ఇక్కడ ఎల్‌డీ, ఎక్స్‌ఆర్‌ఏ ఏ ఇక్కడ ఎక్సార్ ఏ, రెండిటికీ కోడ్ ఏఎఫ్ఫే. హెచ్‌ఎల్ జంటని పట్టుకుని మెమరీలో తిరగడం మీకు అలవాటే, అదే సగం విద్య.

కానీ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, 8085లోని రిమ్, సిమ్ ఆదేశాల కోడ్‌లు హెక్స్‌లో 20, 30. జెడ్80లో అవే కోడ్‌లు జేఆర్ ఎన్‌జెడ్, జేఆర్ ఎన్‌సీ. పాత ప్రోగ్రామ్ అలాగే ఎక్కిస్తే ఎక్కడికో దూకుతుంది. రెండు, కూడికలు తీసివేతల తర్వాత ప్యారిటీ ఫ్లాగ్ మీద ఆధారపడకండి, జెడ్80లో అప్పుడది ఓవర్‌ఫ్లో చెబుతుంది. మూడోది సమయాలు. దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కావు. 8085లో పుష్‌కి 12, ఇక్కడ 11. అక్కడ కాల్‌కి 18, ఇక్కడ 17. ల్యాబ్ రికార్డులో డిలే లూప్ లెక్క కట్టి ఉంటారుగా, అది మళ్లీ కట్టాలి.

ల్యాబ్‌లో చెప్పని విషయం ఒకటి మీకు వెంటనే లాభం తెస్తుంది. రిజిస్టర్ జంటని తగ్గిస్తే, అంటే మీ డీసీఎక్స్, జీరో ఫ్లాగ్ మారదు, రెండు చిప్‌లలోనూ. అందుకే పెద్ద లూప్‌లో బీసీ తగ్గించి, బీని ఏలోకి తెచ్చి, సీతో ఆర్ చేసి, ఆ తర్వాతే జంప్ చేస్తారు. 6, 4, 4, 10 కలిపి చుట్టుకి 24. జెడ్80లో దాని బదులు లోపల డీజేఎన్‌జెడ్, బయట సీని తగ్గించే ఇంకో లూప్ పెడితే చుట్టుకి 13 మాత్రమే, బయటి లూప్ ఖర్చు 256 చుట్లకొకసారి కాబట్టి లెక్కలోకే రాదు. లోపలి లెక్కా బయటి లెక్కా ముందే సరిచేసుకోవాలి, బీలో సున్నా పెడితే 256 చుట్లు తిరుగుతుందని మర్చిపోకండి.

ప్రశ్న: స్పెక్ట్రమ్ స్క్రీన్ అడ్రస్‌లు పిచ్చెక్కిస్తున్నాయి. ఒక గీత కిందికి వెళ్లాలంటే 32 కలపాలనుకున్నాను, ఎక్కడో కింద గీత పడింది. ఎందుకిలా చేశారు, దీన్ని ఎలా ఫాస్ట్‌గా చేయాలి? (విశాఖపట్నం)

జవాబు: పిచ్చిగా కనిపిస్తుంది గానీ, అలవాటైతే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదనిపిస్తుంది (ఈ మాటకి నాతో గొడవపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల ఉత్తరాలూ వేస్తాను). 192 గీతల స్క్రీన్‌ని మూడు ముక్కలు చేశారు, ఒక్కోటి 64 గీతలు, 2048 బైట్లు. ఆ ముక్కలో మొదట ఎనిమిది అక్షర వరుసల మొదటి గీతలన్నీ, తర్వాత రెండో గీతలన్నీ, అలా. అందుకే 32 కలిపితే ఒక గీత కాదు, ఎనిమిది గీతలు కిందికి, అంటే తర్వాతి అక్షర వరుసకి పోయారు.

దీనివల్ల లాభమేమిటంటే, ఒక అక్షరం లోపల ఒక గీత కిందికి దిగడానికి అడ్రస్‌కి 256 కలపాలి. 256 కలపడమంటే పై బైట్‌ని ఒకటి పెంచడం, అంటే ఒక్క ఇంక్ హెచ్, 4 టీ-స్టేట్లు! 32 కలపాల్సి వస్తే ఇంతకు రెండు మూడింతలు పట్టేది. అక్షరం అచ్చువేయడం ఈ మెషీన్‌లో అంత తేలిక అందుకే.

బొమ్మ అక్షర వరుస మధ్యలో మొదలైతే మాత్రం గడప దాటడం చూసుకోవాలి. హెచ్ పెంచాక దాని కింది మూడు బిట్లు సున్నా అయ్యాయేమో చూడండి, కాలేదంటే పని అయిపోయినట్టే, ఎనిమిదింట ఏడుసార్లు ఇక్కడే బయటపడతారు. సున్నా అయ్యాయంటే ఎల్‌కి 32 కలపండి. అప్పుడు క్యారీ వస్తే (అంటే ఫలితం 255 దాటితే) తర్వాతి ముక్కలోకి దిగారు, హెచ్ సరిగానే ఉంది. క్యారీ రాకపోతే అదే ముక్కలో ఉన్నారు, హెచ్ నుంచి 8 తీసేయండి. ఇంతే. దీన్ని రొటీన్‌గా రాసి గీతగీతకీ కాల్ చేస్తే, తేలికైన దారిలో కూడా కాల్‌కి 17, లోపల 26, మొత్తం 43. అందుకే బొమ్మ గీసే లూప్‌లో దీన్ని కాల్ చేయకుండా అక్కడే రాసేయండి.

ఇంకా వేగం కావాలా? 192 గీతల మొదటి అడ్రస్‌లను ముందే లెక్కకట్టి టేబుల్‌లో పెట్టండి, 384 బైట్లు. మెమరీ 48కెలో అది లెక్కలోది కాదు. బొమ్మ ఏ గీత దగ్గర మొదలవుతుందో టేబుల్‌లో ఆ చోటికి ఎస్‌పీ పెట్టి, ఒక్కో గీతకి పాప్ హెచ్‌ఎల్, 10 టీ-స్టేట్లు. గడపలు, ముక్కలు, పరీక్షలు ఏవీ లేవు. పాప్‌తో వచ్చిన అడ్రస్ గీత ఎడమ చివరది కదా, దానికి మీ బొమ్మ ఎన్నో కాలమ్‌లో ఉందో అది ఎల్‌లో కలపాలి, కాలమ్ సీలో ఉంటే ఎల్‌ని ఏలోకి తెచ్చి, సీతో ఆర్ చేసి, తిరిగి ఎల్‌లో పెడితే ఇంకో 12. పైన హైదరాబాద్ పాఠకురాలికి రాసిన డీఐ సంగతి ఇక్కడా వర్తిస్తుంది, ఈ టేబుల్ పాడైతే బొమ్మ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

ప్రశ్న: గుణకారం ఇన్‌స్ట్రక్షన్ లేదు. లూప్ పెడితే స్లో. ఏం చేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: చిన్నప్పుడు ఏం చేశామో అదే, ఎక్కాలు బట్టీ పట్టడం.

ముందు, ఒక స్థిర సంఖ్యతోనే గుణించాలంటే లూప్ అక్కర్లేదు. పదితో గుణించాలంటే ఏని ఏకి కలిపి రెండింతలు చేసి బీలో దాచి, ఇంకో రెండుసార్లు రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు, దానికి బీ కలిపితే పదింతలు. అయిదు ఇన్‌స్ట్రక్షన్లు, 20 టీ-స్టేట్లు. ఫలితం 255 దాటకూడదు, అంటే 25 దాకానే.

రెండూ మారే సంఖ్యలైతే మామూలు షిఫ్ట్, కూడిక పద్ధతికి సుమారు 300 టీ-స్టేట్లు పడుతుంది. ఇక్కడ పాత గణితం ఆదుకుంటుంది. రెండు సంఖ్యల మొత్తం వర్గంలో నాలుగో వంతు లోంచి, వాటి తేడా వర్గంలో నాలుగో వంతు తీసేస్తే వచ్చేది వాటి లబ్ధమే. ఏడు అయిదులు చూడండి: మొత్తం 12, వర్గం 144, నాలుగో వంతు 36. తేడా 2, వర్గం 4, నాలుగో వంతు 1. 36లో 1 పోతే 35. మరి మొత్తం బేసి అయితే భిన్నం వస్తుంది కదా అంటారేమో. ఏడు నాలుగులు: మొత్తం 11, 121లో నాలుగో వంతు 30 పైన పావు. తేడా 3, 9లో నాలుగో వంతు 2 పైన పావు. రెండు చోట్లా అదే పావు కాబట్టి రెండు పావులూ పారేసినా తేడా రాదు, 30లో 2 పోతే 28. మొత్తం బేసి అయితే తేడా కూడా బేసే, అందుకే ఇది ఎప్పుడూ తప్పదు.

ఎనిమిది బిట్ల సంఖ్యలకి మొత్తం 510 దాకా వెళ్తుంది కాబట్టి 511 విలువల టేబుల్, ఒక్కోటి రెండు బైట్లు, సుమారు 1కె. కింది బైట్లన్నీ ఒక చోట, పై బైట్లన్నీ ఒక చోట పెట్టి, రెండూ 256తో నిశ్శేషంగా భాగించబడే అడ్రస్‌లో మొదలయ్యేలా చూసుకోండి. అప్పుడు హెచ్‌లో పేజీ (సంఖ్య 255 దాటితే తర్వాతి పేజీ), ఎల్‌లో సంఖ్య కింది బైట్, ఇంకే లెక్కా లేకుండా నేరుగా చదవచ్చు. టేబుల్‌ని టేపులో దాచక్కర్లేదు, ప్రోగ్రామ్ మొదలవగానే కట్టేయవచ్చు.

ప్రశ్న: నేను కమొడోర్ 64 మనిషిని. మీరంతా 3.5 మెగాహెర్ట్జ్ అంటుంటే మా 1 మెగాహెర్ట్జ్ చూసి జాలిపడతారేమో. పైగా ఏ, ఎక్స్, వై, మూడే రిజిస్టర్లు. (అమెరికా, న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: జాలి ఏమీ లేదు. మెమరీలో ఒక బైట్ చదవడానికి జెడ్80కి 13 టీ-స్టేట్లు, 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర 3.7 మైక్రోసెకన్లు. మీ ప్రాసెసర్ 6510కి 4 సైకిళ్లు, ఇంచుమించు 4 మైక్రోసెకన్లు. పెద్ద తేడా ఏముంది? పైగా మీకు హార్డ్‌వేర్‌లోనే ఎనిమిది స్ప్రైట్లున్నాయి, మేం చెమటోడ్చి చెరిపి గీసేవన్నీ మీకు రెండు రిజిస్టర్లలో అంకెలు మార్చితే కదులుతాయి.

మూడు రిజిస్టర్లేనని బాధపడకండి, మీకు జీరో పేజీ ఉంది. మొదటి 256 బైట్లని రిజిస్టర్ల లాగా వాడుకోండి, చదవడానికి 3 సైకిళ్లు, 2 బైట్లు. బేసిక్ ఉండగా ఆ పేజీలో 251 నుంచి 254 దాకా, ఇంకొకటీ అరా తప్ప ఖాళీ ఉండదు. మొత్తం అసెంబ్లీలోనే రాసి బేసిక్, కెర్నల్ (మెషీన్‌తో వచ్చే సొంత రొటీన్లు) రెండిటినీ పక్కకు నెట్టేస్తే 0, 1 తప్ప మిగతా అంతా మీదే.

ఒక ఉదాహరణ. వెయ్యి అక్షరాల స్క్రీన్ చెరపడానికి జీరో పేజీ పాయింటర్, వై రిజిస్టర్‌తో రాస్తే బైట్‌కి 6, 2, 3 కలిపి 11 సైకిళ్లు, మొత్తం 11,000. పాల్ టీవీ మీద మీ ఫ్రేమ్ 19,656 సైకిళ్లే, అందులో వీడియో చిప్ తన అక్షరాలు తెచ్చుకోవడానికి కొన్ని లాక్కుంటుంది. మీ అమెరికా మెషీన్ ఎన్‌టీఎస్‌సీ కాబట్టి ఫ్రేమ్ ఇంకా చిన్నది. దాని బదులు ఒకే లూప్‌లో నాలుగు ఎస్‌టీఏలు (ఏలోని విలువను మెమరీలో రాసే ఆదేశం) పెట్టండి, 1023, 1273, 1523, 1773 మూలాలుగా, ఎక్స్ 250 నుంచి 1 దాకా దిగుతుంది. ఒక్కోటి 5 సైకిళ్లు, కింద ఎక్స్‌ని తగ్గించే డీఈఎక్స్ 2, వెనక్కి దూకే బీఎన్‌ఈ 3, చుట్టుకి 25, మొత్తం 6,250. ఎక్స్ కిందికి దిగుతోంది కాబట్టి పోలిక ఇన్‌స్ట్రక్షన్ అవసరం లేదు, చుట్టుకి 2 సైకిళ్లు అక్కడ ఆదా. 250 ఎందుకు, 256 పెడితే గుండ్రంగా ఉంటుంది కదా అంటే, స్క్రీన్ వెనక 2040 నుంచి 2047 దాకా స్ప్రైట్ పాయింటర్లున్నాయి, 256 తిప్పితే అవీ చెరిగిపోతాయి, స్ప్రైట్లన్నీ ఒకే చెత్త బొమ్మ వేసుకుని తిరుగుతాయి.

బోర్డర్ చిట్కా మీకూ ఉంది. రొటీన్ మొదట్లో 53280 అడ్రస్‌లో ఉన్న బోర్డర్ రంగు అంకెని ఒకటి పెంచి, చివర ఒకటి తగ్గించండి.

ప్రశ్న: మా మావయ్యగారి అటక మీద డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ దొరికింది. ఎమ్యులేటర్‌లో రాసిన నా ప్రోగ్రామ్ దాంట్లో నడిపి చూడాలనుంది. నేరుగా ప్లగ్ పెట్టేయనా? (తిరుపతి)

జవాబు: ఆగండి, పెట్టకండి! 1986లో డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్స్ తీసుకుని మన దేశంలో అమ్మిన మోడల్ అది, మంచి వస్తువు దొరికింది. స్పెక్ట్రమ్ అడాప్టర్ 9 వోల్టులు, పిన్ను మధ్యభాగం నెగెటివ్. ఇప్పుడు బజార్లో దొరికే అడాప్టర్లు చాలావరకు మధ్యలో పాజిటివ్, అది గుచ్చితే మెషీన్ పోతుంది. దాంతోపాటు వచ్చిన పాత అడాప్టర్ ఉన్నా మీటర్‌తో కొలవకుండా తగిలించకండి. వీలైతే రేడియో రిపేరు తెలిసినవాళ్లతో లోపలి కెపాసిటర్లు చూపించండి. కీబోర్డ్ కింద ఉండే ప్లాస్టిక్ పొర ఇన్నేళ్లకి పెళుసెక్కి ఉంటుంది, విప్పితే దాని రిబ్బన్‌ని లాగొద్దు, కొన్ని కీలు పలకకపోతే కంగారు పడొద్దు, కొత్త పొరలు దొరుకుతాయి.

ప్రోగ్రామ్ ఎక్కించడానికి క్యాసెట్ వెతుక్కోనక్కర్లేదు. ఎమ్యులేటర్‌లోని టేప్ ఫైల్‌ని ఆడియోగా మార్చి, ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి వైర్ కలిపి, వాల్యూమ్ బాగా పెంచి ప్లే చేయండి. మధ్యలో ఫోన్ మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, నాలుగు నిమిషాల లోడింగ్ చివర్లో వాట్సాప్ టింగుమంటే మళ్లీ మొదటికే.

నడిచాక ఒకటి గమనించండి. 16384 నుంచి 32767 దాకా ఉన్న మెమరీని వీడియో చిప్ కూడా చదువుతుంది, బొమ్మ గీసే సమయంలో ప్రాసెసర్‌ని ఆపి తన పని చేసుకుంటుంది. మీ కోడ్ ఆ ప్రాంతంలో ఉంటే కాగితం మీద కట్టిన లెక్క కంటే నెమ్మదిగా నడుస్తుంది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ఇది ఆఫ్ చేసి ఉంటే మీ బోర్డర్ పట్టీ అక్కడ పొట్టిగా, అసలు మెషీన్ మీద పొడుగ్గా కనిపిస్తుంది. కోడ్‌ని 32768 పైకి జరిపి మళ్లీ ఎక్కించండి, రెండు పట్టీల పొడవూ రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాను.